శనివారం మాంసం ముట్టని హుసేను

నేను అనుమానపు మనిషిని. ఈ సంగతి మా ఆవిడ పెళ్లయిన మూడో రోజునే కనిపెట్టింది. పాలవాడు నీళ్లు కలిపాడా అని చూడటం అందరూ చేసే పనే. నీళ్లు కలపకపోతే ఎందుకు కలపలేదా అని ఆలోచించడం నా పద్ధతి. నా పేరు రామకృష్ణారావు, మాది రేపల్లె దగ్గర. దోహాలో జవాజాత్ ఆఫీసు, అంటే పాస్‌పోర్టులూ వీసాలూ చూసే ఆఫీసు, పక్క సందులో టైపు కొట్టు నడిపేవాణ్ణి. కొట్టు ఒక కతారీ పేరు మీద ఉండేది. అందులో పొద్దుటి నుంచి కూర్చునేవాణ్ణి నేను.

రెండు మిషన్లు ఉండేవి, ఒకటి ఇంగ్లీషుది, ఒకటి అరబ్బీది. వీసా కావాలన్నా, లైసెన్సు కావాలన్నా, ఆఖరికి శవాన్ని ఊరికి పంపాలన్నా ముందు నా బల్ల దగ్గరికి వచ్చి ఫారం కొట్టించుకోవాలి. అందుకని ఎవరి వయసులో ఎన్నేళ్లు దొంగవో, ఎవరి పెళ్లి కాగితం మీద మాత్రమే జరిగిందో నాకు తెలిసిపోయేది. తెలిసినా పైకి అనేవాణ్ణి కాదు, లోపల మాత్రం రాసి పెట్టుకునేవాణ్ణి.

ఈ బుద్ధికి పదును పెట్టింది కువైట్. తొంభైలో ఇరాక్ సైన్యం వచ్చి పడ్డప్పుడు నేను అక్కడే ఉన్నాను. బస్సెక్కి పారిపోతుంటే ఒక చెక్‌పోస్టు దగ్గర మమ్మల్ని దింపారు. ఒకడి కాగితం మీద ఉన్న ఫోటోకీ వాడి మొహానికీ పోలిక కుదరలేదు. వాడి కోసం బస్సు బస్సంతా ఎండలో ఒక పూట నిలబడింది. వాడి పక్క సీట్లో కూర్చున్న పాపానికి నన్ను విడిగా తీసుకెళ్లి తన్నారు. ఇప్పటికీ చలికాలం వస్తే ఎడమ పక్కటెముక నొప్పి పెడుతుంది. కాగితం తేడాగా ఉన్నవాడి పక్కన కూర్చోకూడదని ఆ రోజే లెంపలు వేసుకున్నాను.

అలాంటి నా కొట్టులోకి తొంభై మూడులో హుసేను వచ్చాడు. మనిషి పొడుగు, నలభై దగ్గర వయసు, లారీ తోలిన భుజాలు. దోహా శివారు రయ్యాన్‌లో ఒక మిలిటరీ అధికారి ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు. అధికారి తల్లిని ఆసుపత్రికీ చుట్టాల ఇళ్లకీ తిప్పడం అతని డ్యూటీ. లైసెన్సు ఫారం కోసం పాస్‌పోర్టు నా చేతికిచ్చాడు. పేరు హుసేన్. పుట్టింది తాడిపత్రి దగ్గర ఒక పల్లె. తండ్రి పేరు హనుమప్ప. ఇక్కడ ఉండటానికిచ్చే అకామా కార్డు మీద మతం ముస్లిం.

"తండ్రి పేరు ఇదేనా?" అన్నాను.

"అదే సార్."

"హనుమప్పేమిటయ్యా?"

"మా నాయన పేరు సార్" అని, వీధిలో తన బండి ఎవరో గీకుతున్నట్టు బయటికి చూశాడు.

నాకు రెండే దారులు కనిపించాయి. పాస్‌పోర్టు ఇంకొకడిదై ఉండాలి, లేదా మతం దొంగదై ఉండాలి. ఫారం కొట్టి ఇచ్చేశాను గానీ అతను మెట్లు దిగుతుంటే కాళ్లు చూశాను. చెప్పుల పైన, చీలమండల దాకా పాత కాలిన మచ్చలు. వంటవాడికి చేతులు కాలతాయి, డ్రైవరుకి పాదాలు ఎందుకు కాలాయి? అది కూడా లోపల రాసుకున్నాను.

తర్వాత తరచుగా వచ్చేవాడు. పెద్దామె ఆసుపత్రి కార్డు, వంటమనిషి వీసా, ఇంటి పిల్లల కాగితాలు, ఏదో ఒకటి ఉండేది. జవాజాత్‌లో వంతు వచ్చేదాకా నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. మంచివాడు, అది ఒప్పుకోవాలి. ఊరికే కూర్చోకుండా కార్బన్ కాగితాలు సర్ది పెట్టేవాడు, ఫ్యాను మొరాయిస్తే విప్పి బాగు చేసేవాడు. ఒకసారి మలబారీ హోటలు నుంచి కైమా సమోసాలు తెప్పించి అతని ముందు పెట్టాను. చెయ్యి పెట్టలేదు.

"ఈ దినం తినను సార్."

"ఏం, ఉపవాసమా?"

"అట్లేం లేదు. ఊరికే."

ఆ రోజు శనివారం. పై శనివారం కావాలనే కైమా సమోసాలు తెప్పించాను, తినలేదు. మధ్యలో ఒక మంగళవారం తెప్పిస్తే మూడు తిన్నాడు. మళ్లీ శనివారం తెప్పించాను, టీ మాత్రం తాగి వెళ్లాడు. సమోసాలన్నీ నేనే తినాల్సి వచ్చి కడుపు పాడైంది గానీ విషయం ఖాయమైంది. ముస్లిం పేరు, హిందూ తండ్రి, శనివారం నియమం!

ఆ ఇంటి వంటమనిషి రమీజా. రాయచోటి మనిషి, యాభై దాటింది. వీసా రెన్యువలుకి అతని బండిలోనే వచ్చింది. అతను బయట ఉండగా మెల్లగా కదిపాను.

"మీ హుసేను శనివారాలు మాంసం ముట్టడేమిటమ్మా?"

"ఆయప్పకు కడుపుమంట సార్."

"శనివారమే వస్తుందా కడుపుమంట?"

"ఎవురికి ఎప్పుడేమొస్తాదో మనమేం చెప్పగలం సార్. మీరు ఫారం కొట్టండి" అంది, నా కళ్లలోకి సూటిగా చూసి. ఈవిడకి అంతా తెలుసు, దాస్తోంది అనుకున్నాను. దాంతో నా లెక్కలో ఆవిడ కూడా చేరింది.

రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం అతన్ని ఆసుపత్రి వెనక పార్కింగులో చూశాను. బండిలో ఒక్కడే ఉన్నాడు, పెదాలు ఎండి తెల్లబడ్డాయి. పక్కన నీళ్ల సీసా ఉంది, పెద్దామె మందుల కోసం కాబోలు. నేను వేపచెట్టు చాటున నిలబడి పావుగంట కనిపెట్టాను. సీసా ముట్టలేదు. వేషం కట్టేవాడు ఎవరూ లేనప్పుడు తీసి పక్కన పెడతాడు. ఇతను తీయడం లేదంటే మామూలు వేషం కాదని నా బుర్ర తేల్చింది. అంతకంటే తేలికైన సంగతి, అతను నిజంగానే ఉపవాసం ఉన్నాడన్నది, నాకు తట్టనే లేదు.

తొంభై అయిదు జూన్‌లో రాజ్యం తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి మారింది. బజారు రెండు రోజులు గుసగుసలాడి సర్దుకుంది. అసలు గడబిడ మరుసటి ఏడు ఫిబ్రవరిలో, రంజాన్ చివరి పది రోజుల్లో వచ్చింది. కొత్త ప్రభుత్వాన్ని పడగొట్టబోయారని, అది విఫలమైందని వార్త పొక్కింది. పట్టుబడ్డవాళ్లలో మిలిటరీ వాళ్లు ఉన్నారన్నారు, లేరన్నారు. రౌండబౌట్ల దగ్గర బళ్లు ఆపి చూడటం మొదలైంది. టీ కొట్లో రేడియో వింటున్నవాళ్లు కొత్త మనిషి లోపలికొస్తే క్రికెట్ మాట్లాడేవారు. పదేళ్లుగా పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్లు కూడా ఒకరికొకరు సగం మాటే చెప్పుకున్నారు. నాకు మాత్రం కువైట్ బస్సు కళ్ల ముందు తిరిగేది. మిషను ముందు కూర్చుంటే ఒక్కో ఫారాన్ని మూడుసార్లు సరిచూసేవాణ్ణి.

హుసేను పనిచేసే ఇంటి అధికారిని ఆ వారమే పిలిపించారు. పండుగ రోజుకి కూడా ఇల్లు చేరలేదు. పండుగ వెళ్లిన నాలుగో రోజున మచ్చ లేకుండా తిరిగి వచ్చాడు. కొడుకు క్షేమంగా వస్తే మక్కాకు వెళ్లి ఉమ్రా యాత్ర చేస్తానని పెద్దామె మొక్కుకుందట. అందరూ రోడ్డు మీద వెళతారు, బండి హుసేను తోలాలి. అతనికి సౌదీ వీసా కావాలి.

ఆ ఫారం పట్టుకుని ఒక బుధవారం పొద్దున్నే వచ్చాడు. కొట్టులో ఎవరూ లేరు. స్టూలు మీద కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"సార్, దీంట్లో అన్నీ కొట్టండి. మతం అని ఒక గడి ఉండాది చూడండి. అది ఒకటి ఖాళీ ఇడిసిపెట్టండి."

నా పక్కటెముక సలిపింది. "ఖాళీ వదిలితే ఎంబసీ వాడు తీసుకోడు. అకామా మీద ముస్లిం అని ఉందిగా, అదే కొడతాను."

"వద్దు సార్."

"ఎందుకు వద్దు?"

అతను వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. నేను లోపల దండం పెట్టుకున్నాను. మూడేళ్లుగా నేను తవ్వుతున్నది బయటపడబోతోంది, సరిగ్గా వద్దన్న రోజుల్లో బయటపడబోతోంది.

"నా పేరు హుసేనప్ప సార్" అన్నాడు. "మాయమ్మ హనుమక్కకి నా కంటే ముందర ముగ్గురు పుట్టి పోయినారు. మా ఊర్లో పీర్ల సావిడి ఉండాది. హుసేను సామీ, ఈ బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటా అని మొక్కుకునింది. నేను నిలిచినా. మా పక్క నా మాదిరోళ్లు వీధికొకరు ఉంటారు సార్. ఇమామప్ప, ఫకీరప్ప, హుసేనమ్మ. అందరం హిందువులమే. పీర్ల పండగకు పీరు ఎత్తుకునేది మేమే, అలాయి గుండంలో నిప్పులు తొక్కేది మేమే." తన పాదాల వంక చూసుకున్నాడు. "పాసుపోర్టు రాయించేకాడ అప్ప అనేది పోయింది. బొంబాయిలో ఏజెంటు పేరు చూసి ముస్లిం అని రాసుకున్యాడు. నేను కాదంటి. వీసా ముస్లిం డ్రైవరుకే వచ్చింది, నోరు మూసుకోని ఇమానం ఎక్కమన్యాడు. ఎక్కినా."

"మరి శనివారం?"

"శనివారం మా నాయనది సార్. పేరు మాయమ్మది. రెండూ నావే."

కృష్ణా ఒడ్డున పుట్టిన నాకు ఈ సంగతి తెలియదు. మా వైపు దర్గాకు వెళ్లేవాళ్లున్నారు గానీ ఇంటింటా ఈ పేర్లు నేను వినలేదు. అతను చెబుతుంటే నమ్మాలనిపించింది, అదే క్షణంలో ఎంత చక్కగా అల్లాడు అని కూడా అనిపించింది.

"మరి మసీదుకు వెళ్తావు, ఉపవాసాలుంటావు?"

"పెద్దమ్మ మొదటి దినమే హుసేన్ అని పిలిచి నెత్తి మీద చెయ్యి పెట్టింది సార్. ఆ చెయ్యి తీసి, నేను కాదు అని ఎట్ల చెప్పేది? తర్వాత చెప్దాం అనుకుంటి. మూడేండ్లు అయింది. మసీదులో వెనక వరసలో నిలబడతా. నేనెవురో ఆ దేవునికి తెలీదా అని నిలబడతా. ఉపవాసం ఆ ఇంట్లో అందరూ ఉంటే నేనొక్కణ్ణే ఎట్ల తినేది?" బల్ల మీది ఫారాన్ని నా వైపు జరిపాడు. "మక్కాకు మాత్రం పోను సార్. అది వాళ్ల ఇల్లు. వాళ్ల మతపోళ్లు తప్ప రాకూడదని వాళ్లు నియమం పెట్టుకున్నారు. దొంగ మాట చెప్పి ఆ గడప తొక్కలేను."

"వంట్లో బాగాలేదని చెప్పి మానేయరాదూ?"

"పోయినేడు అట్లే చెప్పినా. ఈసారి ఆమె బిడ్డ ప్రాణంతో తిరిగొచ్చిన మొక్కు సార్. అబద్ధం చెప్పను."

అప్పుడు కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నాతోనో తనతోనో తెలియనట్టు మాట్లాడాడు.

"ఈ గలాటా అయినప్పటినుంచీ ఇంట్లో ఒకర్నొకరు చూసుకునేది మారిపోయింది. మొన్న ఆయప్ప ఇంటికొచ్చినాక నన్ను పిలిచి, హుసేన్, నువ్వు ఎవరి మనిషివి అని అడిగినాడు. నీ మనిషినే బాబా అంటి. కానీ ఆ మాట అప్పటినుంచి తలకాయలో తిరుగుతానే ఉండాది సార్. నేను ఎవురి మనిషిని? ఊర్లో నన్ను ఈ మాట ఎవురూ అడగల్యా. లారీ తోలేవాణ్ణి, పీరు ఎత్తేవాణ్ణి, శనివారం గుడికి పోయేవాణ్ణి. అంతా ఒకటే మనిషి. ఈడ గడి పెట్టి అడుగుతారు. ఆ గడిలో పట్టేది ఎవురు? ఏంటికొచ్చినా, ఏం చేస్తాండా అంటే, ఒక ముసలామెను తిప్పుతాండా అని తప్ప ఏమీ తోచలే. ఆమె నన్ను నా కొడకా అని పిలుస్తాది సార్, వాళ్ల బాసలో. ఏ కొడుకును పిలుస్తాందో ఆమెకు తెలియల్ల గదా."

"తెలిస్తే వెళ్లగొడుతుంది. లేదా పట్టిస్తుంది."

"పట్టిస్తే పట్టించనీ. నా నోటితో నేను చెప్పల్ల. అదొకటే నాకు కావాల్సింది. శుక్రవారం మదీనత్ అల్ షమాల్‌కి పోతాం, ఆమె చెల్లెలింటికి. తిరిగొచ్చేటప్పుడు బండిలో ఆమె, నేను. రోడ్డంతా ఖాళీ. అప్పుడు చెప్తా. రెండు దినాలు ఆగండి సార్. ఈ ఫారం మీ దగ్గరే పెట్టుకోండి. ఎవురికీ చెప్పొద్దండి."

"చెప్పను" అన్నాను.

"మాట ఇచ్చినట్లే గదా?"

"ఇచ్చినట్టే."

అతను వెళ్లాక ఫారాన్ని అట్ట ఫైలులో పెట్టి సొరుగులో దాచాను. ఆ రోజు సరిగా అన్నం తినలేదు. నమ్మకపోవడానికి నా దగ్గర కారణమేమీ లేదు. కారణం లేకపోవడమే నన్ను భయపెట్టింది. మిలిటరీ ఇంట్లో మూడేళ్లుగా మారుపేరు మనిషి, చుట్టూ ఇలాంటి రోజులు, అతని ఫారం నా సొరుగులో! రేపు అతను దొరికితే, ఎవరికి చెప్పావంటే నా పేరు చెప్పడా? కువైట్ బస్సులో నా పక్క సీటువాడు కూడా చూడటానికి మంచివాడే.

మర్నాడు గురువారం, కొట్టు సగం పూటే. కట్టేసే వేళకి అరబ్బుల పొడుగు అంగీ, తెల్లటి తోబు తొడుక్కున్న ఒకతను వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మర్యాదగా సలాం చెప్పాడు. ఎవరో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజుల్లో అలా అడగకూడదని అందరికీ తెలుసు. ఫలానా అధికారి ఇంటి వాళ్లు సౌదీ వీసాలకి ఫారాలు కొట్టించారా అని ఉర్దూలో అడిగాడు.

"కొట్టించారండీ, ఉమ్రాకు."

"ఎంతమంది?"

"ఇంటి వాళ్లు అయిదుగురు. డ్రైవరు."

అతను తల ఊపాడు. చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. వచ్చిన పని అయిపోయింది, లేవబోయాడు కూడా. ఇక్కడే ఉంది అసలు సంగతి, దీన్ని ఎన్నిసార్లు తిప్పి చెప్పుకున్నా మారదు. నన్ను ఎవరూ కొట్టలేదు. బెదిరించలేదు. డ్రైవరు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. నేనే అన్నాను.

"ఆ డ్రైవరు శనివారాలు మాంసం తినడండీ."

అతను మళ్లీ కూర్చున్నాడు.

ఆ తర్వాత మూసిన సొరుగు తెరిచినట్టు అంతా వచ్చేసింది. తండ్రి పేరు, తల్లి మొక్కు, ఏజెంటు, ఖాళీ గడి. చెబుతున్నంతసేపూ నా గుండె తేలికపడింది, అది కూడా దాచను. అతను ఫారం తీసుకుని, టీ వద్దని, మర్యాదగానే వెళ్లిపోయాడు. ఆ పూట నాకు ఆకలి బాగా వేసింది.

శుక్రవారం పొద్దున, పెద్దామె షమాల్ ప్రయాణానికి తయారై వరండాలో కూర్చుని ఉండగా, వచ్చి హుసేనప్పను తీసుకుపోయారట. అక్కడే, ఆమె ముందే, ఎందుకు తీసుకుపోతున్నారో చెప్పారట. ఇదంతా తర్వాత తెలిసింది.

పది రోజుల దాకా నాకు ఏ కబురూ లేదు. ఆదివారం ఉదయం తలుపు తీస్తూనే అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక సంచి, ఒక ఖర్జూరాల డబ్బా. వీధిలో వాళ్ల బండిలో కొత్త డ్రైవరు ఉన్నాడు, వెనక సీట్లో రమీజా. హుసేనప్ప చిక్కిపోయాడు గానీ ఒంటి మీద దెబ్బలేమీ లేవు.

"వీసా క్యాన్సిల్ ఫారం కొట్టండి సార్. సాయంత్రం ఇమానం."

మిషనులో కాగితం ఎక్కించాను. ఎక్కడం లేదు, రెండుసార్లు వంకర పోయింది. అతనే వచ్చి రోలరు సరిచేశాడు.

"నాలుగు దినాలు ఉంచుకుని అడిగినారు సార్. చెప్పిందే చెప్పినా. వాళ్ల పెద్దాయన ఒకాయన హైదరాబాదులో చదువుకున్నాడంట, నవ్వి పంపించేసినాడు. బాబా మాత్రం, ఈ ఒకటి దాచినోడు ఇంకేం దాచినాడో అన్నాడు. ఆయప్పది తప్పు కాదు. ఈ దినాల్లో ఎవురైనా అంతే అంటారు."

"పెద్దామె?"

"ముఖం చూపించల్యా సార్. గది తలుపు దగ్గర నిలబడి పిలిచినా. పలకల్యా." మిషను వైపే చూస్తూ చెప్పాడు. "నిన్న శనివారం. మధ్యాహ్నం రమీజా నాకు పళ్లెం తెచ్చిచ్చింది. ఇంట్లో అందరికీ మాంసం. నా పళ్లెంలో పప్పు, వంకాయ. పెద్దమ్మే లేచి వంటింట్లోకి వచ్చి, హుసేన్‌కి వేరే చేయి, ఈ రోజు వాడు తినడు అని చెప్పిందంట."

నేను మిషనును తర్వాతి గడికి జరిపాను.

"అంటే ఏమి సార్? నేను చెప్పింటే ఏమీ అయ్యేది కాదు. శుక్రవారం ఆ రోడ్డు మీద చెప్పింటే, ఆమె కాసేపు తిట్టి, తర్వాత ఇట్లే వంకాయ చేయించింటాది. నా నోటి మాట నాకంటే ముందర వేరేవాళ్లు చెప్పేసినారు. ఆమె ముఖం తిప్పుకునింది నా దేవుణ్ణి చూసి గాదు సార్, మూడేండ్లు చెప్పని నా నోటిని చూసి."

ఫారం మీద మతం గడి వచ్చింది. వేళ్లు ఆగాయి. హిందూ అని కొట్టండి అన్నాడు, కొట్టాను. సంతకం పెట్టాడు, హుసేనప్ప అని తెలుగులో, అప్ప విడిచిపెట్టకుండా. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి తిరిగాడు.

"సార్, మీరు ఎవురికైనా చెప్పినారా?"

కోపం లేదు ఆ గొంతులో. టైము ఎంతయింది అన్నట్టు అడిగాడు. ఔననడానికి నాకు కావలసినంత వ్యవధి ఇచ్చాడు కూడా, తలుపు పట్టుకుని నిలబడి.

"లేదు" అన్నాను. "నేనెందుకు చెప్తాను?"

"సరే సార్" అన్నాడు. ఖర్జూరాల డబ్బా బల్ల మీద పెట్టాడు. "పెద్దమ్మ పంపించింది. ఇమానంలో అంత బరువు ఎందుకు, మీరు తినండి." వెళ్లిపోయాడు.

బండి కదిలే ముందు రమీజా అద్దం దించి నా వైపు చూసింది. ఏడాదిన్నర కిందట ఫారం కొట్టండి అన్నప్పటి చూపే అది. ఆవిడకి మొదటి రోజు నుంచీ తెలుసు, ఆ పేర్లు ఆవిడ ఊళ్లోనూ ఉన్నాయి. మూడేళ్లలో ఎవరి చెవినా వేయలేదు. నేను ఒక్క రోజు ఆగలేకపోయాను.

ఆ లేదు అన్న మాటను అతను నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అందరి కాగితాల్లో తేడాలు వెతికినవాణ్ణి, ఈ ఒక్క సరే దగ్గర ఆగిపోయాను. నేను పనిమంతుణ్ణి, జాగ్రత్తపరుణ్ణి, ఎవరి జోలికీ పోనివాణ్ణి అనుకునేవాణ్ణి. వట్టిది. స్టూలు మీద నుంచి లేవబోయిన మనిషిని మళ్లీ కూర్చోబెట్టినవాణ్ణి నేను.

రెండేళ్లకు కొట్టు వదిలేసి రేపల్లె వచ్చేశాను. శనివారం నాకు మాంసం ముద్ద గొంతు దిగదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ పళ్లెంలోని వంకాయే కళ్ల ముందుకొస్తుంది. మా ఆవిడ ఇది ఆంజనేయస్వామి మీద భక్తి అనుకుని సంతోషపడింది, శనివారాలు నాకు వేరుగా వండుతోంది. చుట్టుపక్కల వాళ్లకి కూడా గొప్పగా చెబుతుంది, మా ఆయన నియమం తప్పడని. నిజం ఆవిడకి నా నోటితో చెప్పాలని ప్రతి వారం అనుకుంటాను. ఇంతవరకు చెప్పలేదు.